గంప దించే చోటు

పొద్దున్న ఆరున్నరకి విశాఖ పెద జాలరిపేట సందు మొగలో రెండు రకాల గంపలు ఎదురుపడతాయి. సముద్రం వైపు నుంచి వచ్చేవి చేపల గంపలు. కవళ్లు, నెత్తళ్లు, వేట బాగా పడ్డ రోజున ఒకటో రెండో వంజరాలు. పైన తడిగుడ్డ, పక్కన కత్తిపీట. ఊరి వైపు నుంచి వచ్చేవి కూరల గంపలు. తోటకూర, గోంగూర, చుక్కకూర, కాలాన్ని బట్టి నాలుగు ఆనపకాయలు, తట్టెడు బెండకాయలు. వాటి మీదా తడిగుడ్డే. చేపల గంప మోసేది వేటకెళ్లినవాడి తల్లో పెళ్లామో. కూరల గంప మోసేది ఆ మడి తడిపిన మనిషే. ఒకే గోడ నీడన గోనెపట్టాలు పరుచుకుని కూర్చుంటారు. బేరం చల్లబడ్డాక వాళ్ల మధ్య మారకం కూడా నడుస్తుంది. మిగిలిన కట్టలిచ్చి మిగిలిన పోగు పట్టుకెళ్తుంది కూరలమ్మ.

ఆవిడ దగ్గర కొన్నేళ్లుగా కొంటున్నాను. ఆనందపురం అవతల పల్లె నుంచి తొలి బస్సుకి వస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఇక్కడ కూర్చోడానికి నీకు పర్మిషనుందా అప్పా?" అని అడిగాను.

"పరిమిసనేటి బాబూ! నా సేతుల్తో ఏసిన కూరకి నానెవుల్నడగాల?" అంది. అడిగినందుకు కొసరు కట్ట కూడా వెయ్యలేదు.

ఆవిడ మాటలో న్యాయం ఉంది గానీ చట్టం అంత సూటిగా లేదు. పండించిన మనిషి తన పళ్లూ కూరలూ రోడ్డు పక్కన అమ్ముకోవచ్చా అంటే, ఇదిగో జవాబు అని చూపించడానికి మన పుస్తకాల్లో ఒక చోటంటూ లేదు. వ్యవసాయ మార్కెట్ల చట్టం, వీధి వ్యాపారుల చట్టం, నగరపాలక చట్టం, జాతీయ రహదారుల చట్టం, ఆహార భద్రత, తూనికలూ కొలతలూ, ఇన్నీ ఆ గంప మీదుగానే పోతాయి. వీటిలో ఏదీ ఆవిణ్ణి తలుచుకుని రాసింది కాదన్నదే నా అభిప్రాయం. ఒకటి వ్యాపారిని చూసింది, ఒకటి రోడ్డుని చూసింది, మరొకటి పాసుపుస్తకాన్ని చూసింది. పండించీ అమ్మీ రెండూ చేసే మనిషి వీటి సందుల్లోంచి జారిపోయింది.

ముందు మార్కెట్ల సంగతి. రైతు పంటను యార్డుకే తేవాలి, బయట అమ్మకూడదు అని చాలామంది అనుకుంటారు. ఆ చట్టాల పుట్టుక చూస్తే విషయం వేరు. 1928లో వ్యవసాయంపై రాయల్ కమిషన్ నియంత్రిత మార్కెట్లు కావాలంది. విశాఖ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి మనకు వర్తించింది 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం. అప్పిచ్చిన షావుకారే పంట కొని, కాటాలో కొంత, తరుగు కింద కొంత, ధర్మం కింద కొంత కోసేసే రోజులవి. ఆ దోపిడీకి కళ్లెం వేయడానికి వచ్చిన ఆలోచన అది. 1966లో ఆంధ్రప్రదేశ్ తన సొంత వ్యవసాయ ఉత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం తెచ్చుకుంది. వ్యాపారికీ కమీషన్ ఏజెంటుకీ కాటాదారుకీ లైసెన్సు పెట్టింది. సెస్సు కొనే వ్యాపారి కట్టాలంది. ఇంటికి కూర కొనుక్కునే నాలాంటివాడి జోలికి రాలేదు. రెండు కట్టల గోంగూర బేరంలో ఈ చట్టానికి పెద్ద ఆసక్తి లేదు.

అందుకే 2020లో కేంద్రం కొత్త వ్యవసాయ చట్టాలు తెచ్చి, ఇక రైతు ఎక్కడైనా అమ్ముకోవచ్చని ఊరూవాడా చాటినప్పుడు నాకు ఈ గోడే గుర్తొచ్చింది. గంప మోసే రైతు అంతకుముందూ ఎక్కడంటే అక్కడే అమ్ముతోంది. ఆవిణ్ణి రోడ్డు మీంచి లేపేది మార్కెట్ కమిటీ వాళ్లు కాదు. సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఆ చట్టాల అమలు ఆపింది, ఆ ఏడు నవంబరులో పార్లమెంటే రద్దు చేసింది. దేశమంతా అట్టుడికిన ఆ ఏడాదిన్నరలో ఈ గోడ నీడ ఒక జానెడు కూడా అటూ ఇటూ జరగలేదు.

మరి లేపేది ఎవరు? రోడ్డు ఎవరిదైతే వాళ్లు. విశాఖ 1979లో నగరపాలక సంస్థ అయింది, 2005లో చుట్టుపక్కల గాజువాక వంటివి కలిసి మహా విశాఖ అయింది. దీని పాలన నడిచేది హైదరాబాద్ కోసం 1955లో రాసిన నగరపాలక చట్టం అచ్చులోనే. దారికి అడ్డంగా పెట్టినవాటిని నోటీసు లేకుండా తీయించే అధికారం అందులో కమిషనరుకి ఉంది. 2025లో 'ఆపరేషన్ లంగ్స్' పేరుతో రోడ్ల పక్క బడ్డీలు, తోపుడుబళ్లు పెద్ద ఎత్తున తీసేసినప్పుడు నగరం రెండుగా చీలి వాదించుకుంది. ఫుట్‌పాత్ ఖాళీ అయిందని సంతోషించినవాళ్లున్నారు. వాళ్లని తప్పుపట్టను. మా ఇంట్లో పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో రోడ్డు దిగి బస్సుల మధ్య నడవాల్సి వచ్చినప్పుడు నేనూ ఆ బళ్లని తిట్టుకున్నవాణ్ణే. అయితే ఇనప బడ్డీ కట్టి కరెంటు లాగి అద్దెకిచ్చేవాడూ, మూడు గంటలు కూర్చుని గోనెపట్టా చుట్టుకుని పోయేదీ ఒక్కటి కాదు. లారీకి ఎత్తేటప్పుడు ఆ తేడా ఎవరు చూస్తారు?

చూడమని చెప్పిన చట్టం ఉంది. 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన హక్కేననీ దానికి సబబైన హద్దులు పెట్టవచ్చనీ చెప్పింది. 2010లో గైందారాం కేసులో, మరుసటి ఏడాది జూన్ 30లోగా చట్టం చేయమని ప్రభుత్వానికి గడువు పెట్టింది. ఆ గడువు దాటిన చాలాకాలానికి గానీ వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం రాలేదు. 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. చదివితే ముచ్చటేస్తుంది. ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో నూటికి 40 మంది వీధి వ్యాపారులే కావాలి, ఆ 40లో మూడోవంతు ఆడవాళ్లు. ఐదేళ్లకోసారి సర్వే. సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపకూడదు. లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. కూరా చేపా వంటి పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగిచ్చేయాలి. జనం ఎన్నాళ్లుగానో తమంతట తాము గుమిగూడి కొనీ అమ్మీ చేసే చోటుని 'సహజ మార్కెట్' అంది. 50 ఏళ్లు దాటినవాటిని వారసత్వ మార్కెట్లుగా ప్రకటించమంది. జాలరిపేట గోడ పక్క చోటుకి ఇంతకన్నా సరిపోయే మాట నేను రాయలేను.

ఇంతలో అయిదో సెక్షన్ వస్తుంది. వీధిలో అమ్ముకోడానికి సర్టిఫికెట్ ఇచ్చే ముందు, అది అడిగే మనిషి ఒక హామీ పత్రం రాసివ్వాలి. వ్యాపారం తానో తన కుటుంబమో చేసుకుంటామనీ, సర్టిఫికెట్ ఇంకొకరికి అద్దెకివ్వననీ అందులో ఉంటుంది. అక్కడిదాకా బాగుంది. మరొకటి కూడా ఉంటుంది: తనకు వేరే జీవనాధారం లేదని.

చుక్కకూర వేసే మనిషికి వేరే జీవనాధారం ఉన్నట్టా, లేనట్టా? మడి ఉంది కాబట్టి ఉందనవచ్చు. ఆ మడిలో పండింది ఇక్కడ అమ్మితేనే డబ్బు కాబట్టి లేదనవచ్చు. చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది నగరంలో కాపురముండి హోల్‌సేల్‌లో కొని వీధిలో అమ్ముకునే మనిషి. ఊళ్లో పండించి నగరంలో అమ్మి మధ్యాహ్నంలోపే బస్సెక్కి వెనక్కిపోయే మనిషి వాళ్లకి తట్టలేదు. పైగా ఆవిడ ఓటు ఇక్కడ లేదు, రేషన్‌కార్డు ఇక్కడ లేదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వాళ్లు సర్వేకి వచ్చేది పదకొండు గంటలకైతే అప్పటికి ఆవిడే ఇక్కడ లేదు. 2020లో వీధి వ్యాపారులకి కేంద్రం స్వనిధి పేరిట, రాష్ట్రం జగనన్న తోడు పేరిట మొదటి విడత పదేసి వేల రూపాయల అప్పులిచ్చాయి. అవి ఎక్కువగా ఇలాంటి సర్వే జాబితాలను పట్టుకునే నడిచాయి.

చేపలమ్మ పరిస్థితి ఒక మెట్టు నయం. ఆవిడ ఇక్కడి మనిషే, ఇల్లు ఇక్కడే, పేరు ఎక్కడో ఒక జాబితాలో ఉంటుంది. విచిత్రమేమిటంటే ఈ ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టిన చట్టం ఒకటుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం 18వ సెక్షన్‌లో, ఈ చట్టం రైతుకీ మత్స్యకారుడికీ వర్తించదని ఒకే వాక్యంలో రాశారు. పొలం దగ్గరి పంటకీ, వేటలో దొరికిన చేపకీ రిజిస్ట్రేషన్ల గొడవ లేదు. పొలం దగ్గర అన్న మాట మాత్రం వదల్లేదు. పొలం నుంచి ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చాక ఆ కూర ఇంకా పొలం దగ్గరిదేనా? పట్టుబట్టి అడిగితే చిల్లర అమ్మకందారుగా ఏడాదికి వంద రూపాయలు కట్టి నమోదు చేసుకోమంటారు. దానివల్ల పెద్ద నష్టం లేదు. కార్బైడ్‌తో పళ్లు మగ్గబెట్టకూడదన్న నిషేధం ఎవరికైనా నిషేధమే, అందులో రైతుకి మినహాయింపు అడిగేవాడు ఉంటే వాడి మామిడిపళ్లు కొనకండి.

తూకం సంగతీ అంతే. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం కాటాకీ రాళ్లకీ ముద్ర ఉండాలి. ఈ గోడ దగ్గర కాటా ఎవరికీ లేదు. కూర కట్టలెక్క, చేప పోగులెక్క. కట్ట ఎంతుండాలో ఆవిడ గుప్పిటికి తెలుసు, నా కంటికీ తెలుసు. ఎండాకాలం వచ్చిందంటే కట్ట సన్నబడుతుంది, ధర మాత్రం అదే ఉంటుంది. దీనికి ఇనస్పెక్టరు అక్కర్లేదు, గట్టిగా బేరమాడే కోడలుంటే చాలు.

పండించినవాళ్లని నేరుగా తలుచుకుని ప్రభుత్వం చేసిన పని ఒక్కటే ఉంది, అది రైతుబజారు. 1999 జనవరి 26న మొదలైంది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ఉళవర్ సందై తెరిచింది. పంజాబు అంతకు పన్నెండేళ్ల ముందే, 1987లో చండీగఢ్‌లో 'అప్నీ మండీ' నడిపింది. విశాఖలో ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం రైతుబజార్ల పేర్లు తెలియనివాళ్లుండరు. జాలరిపేట నుంచి ఎం.వి.పి. బజారుకి ఆటో ఎక్కితే పది నిమిషాలు. లెక్క సులువైనది. దళారి లేకుండా రైతే అమ్మాలి. ధర రైతులూ ఎస్టేటు అధికారీ కూర్చుని ఖాయం చేయాలి. అది హోల్‌సేల్ ధర మీద పాతిక శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే పాతిక శాతం తక్కువగా ఉండాలన్నది మొదటి సూత్రం. ఆ రోజు ధర నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. కాటా సర్కారుది. సరుకు తేవడానికి ఆర్టీసీ బస్సులు ఏర్పాటు చేశారు.

పాతికేళ్లు దాటినా ఈ పథకం బతికి ఉందంటే, ఎన్ని ప్రభుత్వాలు మారినా ఎవరూ మూయలేదంటే, అది జనానికి పనికొచ్చింది కాబట్టే. నేను దాని అభిమానిని. అందుకే దాని లోపం గురించి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నాను.

రైతుబజారులో కూర్చోవాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలి. రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ శాఖలవాళ్లు కలిసి ఊరికొచ్చి చూసి ఇస్తారు. ఎన్ని సెంట్లు, ఏ పంట అని రాసుకుంటారు. వంకాయ వేసినవాడు క్యారెట్ అమ్మితే అడుగుతారు, అడగాలి కూడా. రైతు పేరుతో వ్యాపారి దూరడం ఈ బజార్లకి పుట్టుకతో వచ్చిన జబ్బు. తెల్లవారుజామున జ్ఞానాపురం హోల్‌సేల్ మార్కెట్లో మూట కొని, ఆరింటికి రైతుగా మారిపోయే మహానుభావులు ఉన్నారని కొనేవాళ్లందరికీ తెలుసు. ఆ జబ్బుకి మందుగా అడిగే మొదటి కాగితం భూమి కాగితం. మందు పడాల్సినవాడికి పడలేదు. వ్యాపారి ఎవరిదో పాసుపుస్తకం సంపాదించగలడు. కౌలుకి మడి చేసే మనిషి సంపాదించలేదు.

కూరలమ్మకి ఉన్నవి రెండు మడులు, రెండూ కౌలువే. "కాయితం కామందు పేర్న ఉంది బాబూ. కార్డుకి సంతకమెట్టమంటే, ఏటే ఎసరెడతావేటి నా బూమికి అన్నాడు. ఆయన బయం ఆయనది" అంది. కౌలుదారుకి కాగితం ఉండాలని 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండోది పదకొండు నెలల కార్డు. యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే అది చేతికొస్తుంది. యజమాని ఎందుకు పెట్టడో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువక్కర్లేదు. కౌలుదారీ చట్టాల భయం తాతల నాటి నుంచీ వాళ్ల ఇళ్లలో ఉంది.

ఇక్కడ అమెరికా నుంచి ఒక చిన్న సంగతి. ఫ్రీమాంట్‌లోనో శాన్‌హోసేలోనో ఉండే మనవాళ్లు ఆదివారం రైతుల సంతకెళ్లి వంకాయలు కొన్న ఫొటోలు పంపుతుంటారు. కాలిఫోర్నియాలోనూ ఒకప్పుడు రైతు తన పళ్లు నేరుగా అమ్మాలంటే సైజులూ పెట్టెలూ ప్యాకింగులూ అంటూ నిబంధనలు అడ్డొచ్చేవి. 1977లో ఆ నిబంధనల నుంచి నేరుగా అమ్మేవాళ్లని మినహాయించారు. బదులుగా కౌంటీ వ్యవసాయ అధికారి పొలానికొచ్చి చూసి ధ్రువపత్రం ఇస్తాడు. ఏ పంట, ఎంత విస్తీర్ణం, ఎంత దిగుబడి రావచ్చు అని అందులో ఉంటుంది. అది మన కార్డు లాంటిదే, ఒక్క తేడా తప్ప. ఉత్పత్తిదారు అంటే ఎవరో చెప్పేచోట, సొంత నేల గానీ, అద్దె నేల గానీ, కౌలు గానీ, పాలు గానీ అని రాసుకున్నారు. నేల ఎవరిదని కాకుండా పంట ఎవరు వేశారని అడుగుతారు. మన ఉద్యాన శాఖవాళ్లు ఎలాగూ ఊరికొస్తున్నారు, మడి చూస్తున్నారు. ఆ చూసిందే కార్డు మీద రాస్తే చాలదా? పాసుపుస్తకం అడగడం మానేస్తే బినామీలు పెరుగుతారంటారు. పాసుపుస్తకం అడుగుతున్న ఇన్నేళ్లలో తగ్గారా మరి?

ఊరు దాటితే కథ మళ్లీ మారుతుంది. అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే మలుపు మలుపుకీ గిరిజన ఆడవాళ్లు సీతాఫలాలు, అనాసలు, పనసకాయలు పెట్టుకుని కనిపిస్తారు. ఆ నేల మీద సంతల్ని చూసుకునే అధికారం, గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పీసా చట్టం గ్రామసభలకీ పంచాయతీలకీ ఇచ్చింది. అదే నేలలో 1979 నాటి రెగ్యులేషన్ చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే గుత్తహక్కుని గిరిజన సహకార సంస్థకి కట్టబెట్టింది. దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే, 1956 నుంచీ ఉంది. అంటే ఒకే మనిషి పక్కపక్కనే పెట్టుకున్న రెండు బుట్టల్లో పెరటి పనస ఒక నియమం కింద, అడవి చింతపండు ఇంకో నియమం కింద ఉండేవి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయం మీద యాజమాన్యం గిరిజనులదేనని చెప్పాక ముడి కొంత వదులైంది.

జాతీయ రహదారి మీద అంత మెత్తదనం లేదు. 2002 చట్టం ప్రకారం హైవే భూమిలో ఆరుబయట సరుకు పరిచి అమ్మినా, తాత్కాలికంగా పాక వేసినా నోటీసు లేకుండానే ఖాళీ చేయించవచ్చు. నగరంలో ముప్పై రోజులు, హైవే మీద ముప్పై నిమిషాలు కూడా లేవు. పదహారో నంబరు రహదారి మీద ముంజల కోసం సడన్ బ్రేకు వేసిన కారుని వెనక లారీ గుద్దడం కళ్లారా చూసిన నేను ఆ నియమం వద్దనలేను. నాకున్న ఫిర్యాదు వేరు. అన్ని కోట్లతో రోడ్డు వేసేవాళ్లు పది కిలోమీటర్లకోచోట, రోడ్డు దిగి బండి ఆపుకునే జాగాలో, ఊరి రైతులకి నాలుగు అరుగులు కట్టలేరా?

నగరానికి తిరిగొస్తే, చెప్పకుండా వదిలేసింది ఒకటి మిగిలింది. ఆశీలు. పట్టణాల్లోనూ పంచాయతీల్లోనూ సంతల్లో, రోడ్ల పక్క అమ్ముకునేవాళ్ల దగ్గర రోజువారీ రుసుము వసూలు చేసే హక్కుని వేలం వేయడం మనకి పాత అలవాటు. పాడుకున్నవారి మనుషులు చీటీ పుస్తకం పట్టుకుని తిరుగుతారు. గోడ దగ్గరికి ఏడున్నరకల్లా ఒక కుర్రాడొస్తాడు. గంపకింత, బండికింత. కార్డుందా, కౌలా సొంతమా, ఏ ఊరు, ఇవేవీ అడగడు. గంప దించావు కాబట్టి డబ్బియ్యి. అమ్ముకునే మనిషిగా ఆవిణ్ణి ఏ మెలికా లేకుండా గుర్తించేవాడు ఈ మొత్తం వ్యవహారంలో వాడొక్కడే.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా మరపడవలు కదలవు. గోడ నీడలో చేపల గంపలు సగానికి పడిపోయాయి, తెప్పల మీద దొరికినవే వస్తున్నాయి. ఖాళీ అయిన చోట ముంజలు, మామిడికాయలు దిగాయి. మొన్న కూర కొంటుంటే కూరలమ్మ బొడ్లోంచి గుడ్డసంచి తీసింది. చిల్లర కింద రబ్బరుబ్యాండు వేసిన చీటీల కట్ట ఉంది, అన్నీ ఆశీలు చీటీలే. పాతవి రంగు వెలిసి అంకెలు కూడా కనిపించడం లేదు.

"ఇయ్యి సూపిస్తే కార్డిస్తారేటి బాబూ? ఇన్నేళ్లనించి ఇక్కడే అమ్ముతున్నానని రుజువు కాదేటి?"

సహజ మార్కెట్ అని చట్టంలో ఉన్న మాట ఆవిడకి చెప్పాను. అయిదో సెక్షన్ సంగతి చెప్పలేదు. ఆవిడ చీటీలు మళ్లీ కట్టగట్టి బొడ్లో దోపుకుంది. బస్సుకి వేళవుతోంది. మిగిలిన మూడు గోంగూర కట్టలు పక్కావిడ పళ్లెంలో పడేసి, ఆవిడిచ్చిన గుప్పెడు నెత్తళ్లు ఆకులో చుట్టుకుని లేచింది. చేపలమ్మ చెయ్యేసి గంప తలకెత్తింది.